కారు స్ట్రట్లు మార్చడం: ఇంటి దగ్గర ఎంతవరకు, వర్క్‌షాపులో ఎక్కడి నుంచి

గుంతలో పడ్డప్పుడల్లా కారు ముందు భాగంలో ‘టక్’మని చప్పుడు వస్తోందని ఢిల్లీలో మెకానిక్‌కు చెబితే తరచుగా వినిపించే జవాబు ‘షాకర్ గయా’. మనం షాకబ్జర్ అనేదే ఇక్కడ షాకర్. కశ్మీరీ గేట్ మార్కెట్లో విడి భాగాలు సులువుగా దొరుకుతాయి, ఫోన్లో వీడియోలూ ఉంటాయి. దాంతో నోయిడా, గుర్గావ్ సొసైటీల బేస్‌మెంట్లలో సొంతంగా పానా పట్టే కారు యజమానులు ఉన్నారు. అయితే ఈ పనిలో నిజానికి రెండు పనులున్నాయి. ఒకటి బోల్టులు విప్పి స్ట్రట్‌ను కారు నుంచి బయటికి తీయడం. దీన్ని ఓపిక ఉన్నవారెవరైనా చేయగలరు. రెండోది స్ట్రట్ మీద బిగుసుకుని ఉన్న స్ప్రింగును విడదీయడం. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే.

అంబాసిడర్ కాలంలో ఈ తంటా ఈ రూపంలో లేదు. దానికి ముందు టార్షన్ బార్లు, వెనుక లారీల్లో ఉండే కమాన్ పట్టీలు. హిందీలో కమానీ అన్నా, తెలుగులో కమాన్ అన్నా ఒకటే. 1983 డిసెంబరులో గుర్గావ్ ఫ్యాక్టరీ నుంచి మారుతీ 800 రావడంతో మాక్‌ఫర్సన్ స్ట్రట్ మధ్యతరగతి ఇంటికి చేరింది. అమెరికన్ ఇంజినీర్ ఎర్ల్ మాక్‌ఫర్సన్ 1940లలో రూపొందించిన ఈ అమరికలో షాకబ్జర్, దాని చుట్టూ స్ప్రింగు, పైన బానెట్ కింద మౌంటు, అన్నీ కలిసి ఒకే స్తంభంలా ఉంటాయి. స్టీరింగ్ తిప్పితే ఆ స్తంభం కూడా తిరుగుతుంది. తక్కువ చోటులో, తక్కువ ఖర్చుతో పని అవుతుంది కాబట్టే నేటి చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాలకు దీన్నే వాడుతున్నాయి.

ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో నలుగురు కూర్చుంటే ముందు చక్రం ఒక్కోదానిపై సుమారు 300 కిలోల భారం పడుతుంది. స్ప్రింగు మోసేది దాదాపు దాన్నే. కారును జాకీతో లేపి చక్రం వేలాడదీసినా స్ప్రింగు పూర్తిగా సాగదు. పై మౌంటుకూ కింది గిన్నెకూ మధ్య ఇంకా నొక్కుకునే ఉంటుంది. దాన్ని ఆపుతున్నది స్ట్రట్ కడ్డీ కొసన ఉన్న ఒకే ఒక్క నట్టు. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కిపట్టకుండా ఆ నట్టు విప్పితే మౌంటు తుపాకీ గుండులా ఎగురుతుంది. ఎదురుగా ముఖం ఉందా, చెయ్యి ఉందా అన్నది అదృష్టం మాత్రమే.

ఇక్కడి కార్లకు ఈ అవసరం ఎందుకు త్వరగా వస్తుందో వీధిలోకి చూస్తే తెలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. కాలనీల్లో కనిపించేవి చాలావరకు దానికి దగ్గరగా కూడా ఉండవు. వెడల్పు లేని గట్లు అవి. వానాకాలంలో నీళ్ల కింద గుంత ఎంత లోతో తెలియదు. దీనికి తోడు సీఎన్‌జీ. కిట్, సిలిండర్ కలిసి సుమారు 80 నుంచి 100 కిలోలు ఉంటాయి, అందులో అధికభాగం డిక్కీలోనే. కంపెనీ అమర్చిన సీఎన్‌జీ మోడళ్లలో ఆ బరువును లెక్కలోకి తీసుకుని సస్పెన్షన్‌ను సవరిస్తారు. బయట కిట్ పెట్టించుకున్న కార్లలో మాత్రం వెనుక స్ప్రింగులు మెల్లగా కుంగిపోతాయి.

చప్పుడు వచ్చినంత మాత్రాన స్ట్రట్ పోయినట్టు కాదు. లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ బుష్, పై మౌంటు బేరింగ్ కూడా ఇలాంటి శబ్దమే చేస్తాయి, వీటి ఖర్చూ తక్కువ. స్ట్రట్ ఒంటి మీద ఆయిల్ ధారగా కారడం, బ్రేకు వేస్తే ముక్కు బాగా వంగడం, గతుకు దాటాక కారు రెండు మూడు సార్లు ఊగడం, టైరు మీద అక్కడక్కడా గుంటలుగా అరగడం అసలు గుర్తులు. పలుచటి చెమ్మ, దాని మీద దుమ్ము ఉంటే కంగారు అక్కర్లేదు.

ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో మరో లెక్క కూడా ఉంది, కారు వయసు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు తిరగరాదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉత్తర్వును 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఆగస్టులో అలాంటి వాహన యజమానులపై కఠిన చర్యలు వద్దన్నా, డిసెంబరులో ఆ ఊరటను బీఎస్-4, ఆపై వాటికే పరిమితం చేసింది. గడువు దగ్గరపడ్డ బీఎస్-3 కారుకు నాలుగు కొత్త స్ట్రట్లు కొనే ముందు ఆర్‌సీ ఒకసారి చూసుకోవాలి.

కొనేటప్పుడు ఎడమ, కుడి రెండూ కలిపే కొనాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు కారు సమంగా నిలవదు. మౌంటు, బేరింగ్, రబ్బరు బంప్ స్టాప్, దుమ్ము తొడుగు కూడా అప్పుడే మార్చడం తెలివైన పని. లేకుంటే మళ్లీ అన్నీ విప్పాలి. కశ్మీరీ గేట్‌లో అసలుదీ నకిలీదీ పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి పార్ట్ నంబరున్న బిల్లు అడగాలి. మాయాపురి పాత సామాను దుకాణాల్లో డోరో, అద్దమో కొన్నా ఫర్వాలేదు కానీ వాడిన స్ట్రట్ మాత్రం వద్దు. కొత్తగా వచ్చిన తెలుగువారికి భాష కూడా కావాలి: ఇక్కడ స్పానర్ ‘చాబీ’, సాకెట్ ‘గోటీ’, మర ‘చూడీ’.

ఇంటి దగ్గర పనికి సమతలమైన గట్టి నేల ముఖ్యం. బేస్‌మెంట్ ర్యాంపు పనికిరాదు. ఇంటర్‌లాక్ టైల్స్ మీద అయితే మందపాటి చెక్క వేయాలి. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చడానికే. జాకీ స్టాండ్లు పెట్టకుండా కారు కిందికి చేయి పెట్టకూడదు. చక్రం తీశాక బ్రేకు పైపునూ ఏబీఎస్ వైరునూ స్ట్రట్ నుంచి విడిపించి, లింక్ రాడ్ విప్పాలి. కింద నకిల్‌ను పట్టుకున్న రెండు పెద్ద బోల్టులు ఏ స్థానంలో ఉన్నాయో విప్పకముందే గుర్తు పెట్టుకోవాలి. అవి వదులయ్యాక నకిల్ బయటికి వాలిపోకుండా తీగతో కట్టాలి, లేదంటే యాక్సిల్ జాయింటు ఊడివస్తుంది. చివరగా బానెట్ కింద మౌంటు చుట్టూ ఉన్న నట్లు. మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకూడదు.

అలా బయటికి వచ్చిన స్ట్రట్‌ను అలాగే, కొత్త సామానుతో కలిపి, బిగించిన కంప్రెసర్ ఉన్న వర్క్‌షాపుకు తీసుకెళ్లడం మేలు. ఆన్‌లైన్లో దొరికే కొక్కేల కంప్రెసర్లు చవకే. కానీ కొక్కెం జారినా, మర అరిగినా నిలువరించేది ఏదీ ఉండదు. వాటిని ఇంపాక్ట్ గన్‌తో తిప్పడం మరీ ప్రమాదం. అమెరికాలో స్ప్రింగుతో సహా అమర్చిన స్ట్రట్లు విరివిగా దొరుకుతాయి, అందుకే అక్కడి వీడియోల్లో ఈ ఘట్టమే ఉండదు. ఇక్కడ సాధారణంగా స్ట్రట్ ఒక్కటే అమ్ముతారు.

వెనుక కథ వేరు. చాలా చిన్న కార్లలో వెనుక స్ప్రింగు, షాకబ్జర్ విడివిడిగా ఉంటాయి. యాక్సిల్‌ను జాకీతో మోస్తూ షాకబ్జర్ విప్పి మెల్లగా దించితే స్ప్రింగు వదులై చేతికి వస్తుంది. ఇల్లే వర్క్‌షాపుగా చేసుకోదలచినవారు ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. దించేటప్పుడు బ్రేకు పైపు లాగుకుపోకుండా చూడాలి.

పొడవు తక్కువ స్ప్రింగులు వేసి కారును కిందికి దించాలన్న సరదా ఉంటే చట్టం అడ్డొస్తుంది. తయారీదారు నిర్దేశానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. అదే రకం భాగం వేయడం దీని కిందికి రాదు.

తిరిగి బిగించేటప్పుడు స్ప్రింగు కొస గిన్నెలోని మెట్టుకు ఆనాలి. రబ్బరు బుష్షుల బోల్టుల చివరి బిగింపు కారు నేల మీద నిలిచాకే, మాన్యువల్‌లో ఆ కారుకు ఇచ్చిన టార్క్‌తో. ఆ రోజే అలైన్‌మెంట్ చేయించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నిటికీ మరోసారి టార్క్ రెంచ్ పెట్టి చూడాలి.