ముక్కలైన హైడ్రా: పునరుత్పత్తి పరిశోధన చరిత్ర

విషయ పరిచయం

ఇంటి గోడ మీద బల్లి తోక తెగిపడటం మీరు చూసే ఉంటారు. తెగిన తోక కాసేపు గిలగిలా కొట్టుకుంటుంది. ఆ సందులో బల్లి తప్పించుకుంటుంది. కొన్ని వారాలకు దానికి మళ్లీ తోక వస్తుంది. మన వేలు తెగితే గాయం మానుతుంది కానీ వేలు మొలవదు. కోల్పోయిన శరీరభాగాన్ని జీవి తిరిగి పెంచుకోవడాన్ని పునరుత్పత్తి అంటాం. కొత్త జీవిని కనే ప్రత్యుత్పత్తి వేరు. విద్యార్థులు ఈ రెండు పదాలను తరచూ ఒకదానికి బదులు ఒకటి రాస్తుంటారు కాబట్టి తేడాను మొదటే గుర్తుపెట్టుకోండి.

తెగిన అంగం మళ్లీ మొలవడం కథలకు కొత్త కాదు. రావణుడి తలలు నరికినకొద్దీ మొలిచాయని మనం విన్నాం. గ్రీకుల కథలోని హైడ్రా అనే సర్పానికీ అదే శక్తి ఉంది. మరి ఈ వింత పరిశోధనాంశంగా ఎప్పుడు మారింది? ఒకరు చూశామన్నది ఇతరులు ఎందుకు నమ్మారు? ఈ పాఠంలో మనం పరిశీలించేది ఇదే.

జాలర్లకు తెలిసిన సంగతి

నదుల్లోని క్రేఫిష్‌కు (ఇది రొయ్యకు దగ్గరి బంధువు) తెగిన కాళ్లు మళ్లీ వస్తాయని ఐరోపా జాలర్లకు ఎప్పటినుంచో తెలుసు. పండితులు మాత్రం దాన్ని కట్టుకథగా కొట్టిపారేశారు. ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమ్యూర్ ఆ మాటను స్వయంగా పరీక్షించాడు. క్రేఫిష్ కాళ్లను తుంచి, అవి తిరిగి పెరగడాన్ని గమనించి, 1712లో పారిస్ శాస్త్ర అకాడమీకి నివేదించాడు. అయితే ఇక్కడ పెరిగింది ఒక కాలు మాత్రమే, జీవి అలాగే ఉంది. కాబట్టి అప్పటి తాత్విక నమ్మకాలు పెద్దగా కదలలేదు.

ట్రెంబ్లే ప్రయోగం

ఆ నమ్మకాలను కదిలించినవాడు ఆబ్రహాం ట్రెంబ్లే. అతడు 1710లో జెనీవాలో పుట్టాడు. 1740 నాటికి హాలండ్‌లోని హేగ్ నగరం దగ్గర బెంటింక్ ప్రభువు కొడుకులిద్దరికీ చదువు చెబుతున్నాడు. గుంటల్లో దొరికే నీటిమొక్కలను గాజు జాడీల్లో ఉంచి పిల్లలతో కలిసి పరిశీలించేవాడు. ఆ మొక్కలను అంటిపెట్టుకుని, పచ్చగా, గడ్డిపోచ ముక్కలా ఉన్న ఒక చిన్న జీవి అతడి కంటపడింది. దాని పైకొనన సన్నటి చేతుల్లాంటి స్పర్శకాలున్నాయి.

అది మొక్కా, జంతువా? రంగు చూస్తే మొక్క. స్పర్శకాల సంఖ్య అన్నింటిలో ఒకేలా లేదు, అదీ కొమ్మల లక్షణమే. కానీ తాకితే ముడుచుకుంటుంది, మెల్లగా చోటు మారుతుంది. ఈ సందేహం తీరడానికి ట్రెంబ్లే ఒక పరీక్ష ఆలోచించాడు. రెండు ముక్కలు చేస్తే రెండూ బతికితే అది మొక్క, చస్తే జంతువు. 1740 నవంబరు 25న ఒక జీవిని అడ్డంగా కోశాడు. కొన్ని రోజుల్లో తల ఉన్న ముక్కకు అడుగుభాగం, అడుగు ముక్కకు తల, స్పర్శకాలు వచ్చాయి. ఇప్పుడు రెండు పూర్తి జీవులున్నాయి.

అతడి పరీక్ష ప్రకారం అది మొక్క. కానీ ఆ జీవి స్పర్శకాలతో పురుగులను పట్టి మింగడం కూడా అతడు చూశాడు. అంటే అది జంతువే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ప్రయోగం సరిగ్గానే జరిగింది. తప్పు, ప్రయోగం వెనకనున్న నియమంలో ఉంది. 'కోస్తే రెండుగా బతికేది మొక్క మాత్రమే' అనే నియమాన్నే వదులుకోవలసి వచ్చింది. చూసినదాన్ని పాత నియమంలో ఇరికించకపోవడమే ట్రెంబ్లే గొప్పతనం.

రెండో గొప్పతనం, తన మాటను నమ్మమని అడగకపోవడం. అతడు ఆ జీవులనే రెయోమ్యూర్‌కు పారిస్ పంపాడు. మొదటి విడత దారిలోనే చనిపోయాయి. 1741లో మళ్లీ పంపినవి ప్రాణాలతో చేరాయి. రెయోమ్యూర్ తానే కోసి చూశాడు, ముక్కలు జీవులయ్యాయి. లండన్‌లోని రాయల్ సొసైటీ వారికి కూడా ట్రెంబ్లే వాటిని పంపాడు. వారూ పరీక్షించారు. 1743లో ఆ సంస్థ అతడికి కోప్లీ పతకం ఇచ్చింది. తలభాగాన్ని నిలువునా చీల్చితే ఒకే ఒంటికి అనేక తలలు వచ్చాయని 1744లో తన గ్రంథంలో వివరించాడు. గ్రీకు సర్పం పేరు ఈ జీవికి అలాగే స్థిరపడింది. మీ జంతుశాస్త్ర పాఠంలోని హైడ్రా ఇదే.

ఇందులో ఇంత కలకలం ఎందుకు? జంతువులో విడదీయరాని ఆత్మ ఒకటి ఉంటుందని అప్పటి చాలామంది పండితుల నమ్మకం. జంతువు రెండైతే ఆత్మ ఏ ముక్కలో ఉన్నట్టు? జీవి పూర్తి రూపంతోనే, అతి సూక్ష్మంగా, అండంలోనో వీర్యంలోనో ముందే ఉంటుందని మరో నమ్మకం. మరి ప్రతి ముక్కలోనూ ఒక చిట్టి హైడ్రా దాగి ఉందనుకోవాలా? జాడీలోని చిన్న ప్రాణి ఐరోపా తత్వశాస్త్రాన్ని ఇరుకున పెట్టింది.

హైడ్రా నుంచి సాలమాండర్‌కు

వెన్నెముక ఉన్న జీవుల మాటేమిటి? 1768లో ఇటలీకి చెందిన స్పల్లాంజాని, సాలమాండర్‌కు తెగిన కాళ్లు ఎముకలతో సహా మొలుస్తాయని ప్రకటించాడు. నత్తకు తల కూడా వస్తుందన్నాడు. ఐరోపా అంతటా ఔత్సాహికులు నత్తల తలలు కోశారు. రచయిత వోల్టేర్ కూడా వారిలో ఒకడు. కొందరికి ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. ఎక్కడ, ఎంత కోశారన్నదానిపై ఫలితం ఆధారపడుతుందని దీనివల్ల అర్థమైంది.

తరువాత ప్రశ్న 'వస్తుందా' నుంచి 'ఎలా వస్తుంది'కి మారింది. కాలికి వెళ్లే నాడి తెగితే సాలమాండర్ కాలు సరిగా మొలవదని 1823లో టాడ్ అనే ఆంగ్ల వైద్యుడు చూపాడు. టి.హెచ్. మోర్గాన్ ప్లనేరియా అనే చదును పురుగులో 279వ వంతు ముక్క నుంచి కూడా పూర్తి పురుగు వస్తుందని గమనించి, 1901లో పునరుత్పత్తిపై గ్రంథం ప్రచురించాడు. తరువాత ఈగలపై వంశపారంపర్య పరిశోధనకు 1933లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈ మోర్గానే.

సాలమాండర్ కాలు తెగినచోట మొదట చర్మం కప్పుకుంటుంది. దాని కింద బ్లాస్టీమా అనే కణాల మొగ్గ ఏర్పడి కాలుగా పెరుగుతుంది. ఆ కణాలు దేనిగానైనా మారగలవని చాలాకాలం భావించారు. ఆక్సొలోటల్ అనే సాలమాండర్‌పై 2009లో వెలువడిన పరిశోధన దీన్ని సవరించింది. ఉదాహరణకు, కండరం నుంచి వచ్చిన కణాలు మళ్లీ కండరమే అవుతాయి, మృదులాస్థి కావు. బల్లి తోక ఈ స్థాయిని అందుకోదు. కొత్త తోకలో వెన్నుపూసల బదులు మృదులాస్థి గొట్టం మాత్రమే ఉంటుంది.

మనిషి సంగతి

మనకు ఈ శక్తి బొత్తిగా లేదనుకోకండి. కాలేయంలో కొంత తీసేస్తే మిగిలిన భాగం పెరిగి లోటు పూరిస్తుంది. బతికున్న దాత నుంచి కాలేయ మార్పిడి సాధ్యమైంది అందుకే. చిన్నపిల్లల వేలికొన తెగినప్పుడు కుట్లు వేయకుండా శుభ్రంగా కట్టు కడితే కొన తిరిగి పెరగగలదని 1974లో ఇంగ్లాండులోని షెఫీల్డ్ వైద్యులు నివేదించారు.

మన దగ్గరి ఉదాహరణ ఒకటుంది. కంటిలో సున్నం పడి కాలినప్పుడు, నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు నశించి కార్నియా మసకబారుతుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నిపుణులు 2012లో ఒక పద్ధతి ప్రచురించారు. బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటిపై అమర్చుతారు. అవి పెరిగి కార్నియా పైపొరను తిరిగి కప్పుతాయి. 2016లో వేర్వేరు కేంద్రాల ఫలితాలు కూడా ప్రచురితమయ్యాయి.

ముగింపు

తెగిన కాలు, చచ్చుబడిన వెన్నుపాము మూలకణాలతో బాగవుతాయని హామీ ఇచ్చే ప్రకటనలు మీ కంటా పడతాయి. ఆశతో పొలం అమ్ముకునే కుటుంబాలూ ఉంటాయి. మీ ఇంట్లోనో, ఊళ్లోనో ఎవరైనా సలహా అడిగితే ట్రెంబ్లేను గుర్తు చేసుకోండి. ఫలితాన్ని వేరెవరైనా, వేరే చోట, స్వయంగా చేసి చూశారా? చేసినదాన్ని దాచకుండా ప్రచురించారా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాకపోతే డబ్బు కట్టవద్దని చెప్పండి. చరిత్ర పాఠం ఇలాంటి చోటే పనికివస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రెయోమ్యూర్ 1712 నాటి పరిశీలన కంటే ట్రెంబ్లే ప్రయోగం ఎందుకు ఎక్కువ కలకలం రేపింది?
2. ట్రెంబ్లే వదులుకున్న నియమం ఏది? ఎందుకు వదులుకున్నాడు?
3. బల్లి తోక, సాలమాండర్ కాలు, మనిషి కాలేయం: ఈ మూడింటి పునరుత్పత్తిలో తేడాలు రాయండి.