తెలుగు రాష్ట్రాల్లో బస్సు రూట్లు, బస్సుల పంపకం

ఏ ఊరికి ఎవరి బస్సు వెళ్లాలి, ఏ డిపోకు ఎన్ని బండ్లు దక్కాలి అన్న లెక్కను తెలుగు నేల మీద 1932 నుంచి ఇప్పటిదాకా పలుమార్లు తిరగరాశారు. నిజాం కాలపు రవాణా శాఖ, ఆంధ్ర ప్రాంతపు ప్రైవేటు బస్సు యజమానులు, 1958లో పుట్టిన ఏపీఎస్ ఆర్టీసీ, 2015 నుంచి విడిగా నడుస్తున్న తెలంగాణ ఆర్టీసీ ఈ చరిత్రలో ప్రధాన పాత్రధారులు. రాష్ట్రాల ఎల్లలు మారిన ప్రతిసారీ బస్సుల పంపకమూ మారింది. పంచుకునేది బస్సులనే అయినా తగవంతా కిలోమీటర్ల మీదే నడిచింది.

నిజాం రాజ్యంలో తొలి బస్సులు

హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ బస్సులు రైల్వే గొడుగు కిందే మొదలయ్యాయి. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను తన చేతిలోకి తీసుకుంది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, నిజాం స్టేట్ రైల్ అండ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ పేరుతో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభమైంది. ఆ తొలి బండ్లు బ్రిటన్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు. రైలుకూ బస్సుకూ యజమాని ఒకరే కావడంతో రెండూ ఒకే దారిలో పోటీ పడకుండా చూసుకునే వీలు కలిగింది.

ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేట్ల మీద కనిపించే ‘జెడ్’ అక్షరం ఆనాటిదే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జెహ్రా బేగం గుర్తుగా ఆ అక్షరాన్ని పెట్టించాడని చెబుతారు.

1951 నవంబరు 1న ఈ శాఖ రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. అయిదేళ్లకే మొదటి పెద్ద పంపకం తప్పలేదు. 1956లో భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. మరాఠ్వాడా జిల్లాల బస్సులు బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలవి మైసూరు రాష్ట్రానికి పోగా, తెలంగాణ జిల్లాలవి కొత్త ఆంధ్రప్రదేశ్‌కు మిగిలాయి.

ఆంధ్ర ప్రాంతంలో ప్రైవేటు బస్సులు, జాతీయీకరణ

మద్రాసు రాష్ట్రంలో భాగమైన తెలుగు జిల్లాల కథ వేరు. అక్కడ రోడ్డు మీద తిరిగినవి ప్రైవేటు యజమానుల బస్సులు. ఒక్కో రూటుకు పర్మిట్ తీసుకుని కొందరు ఒకటి రెండు బండ్లతో, కొందరు కంపెనీలు పెట్టి నడిపేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కరువై, వెనక బొగ్గు పొయ్యి కట్టుకుని గ్యాసుతో నడిచిన బస్సులు పాత తరానికి గుర్తే.

ప్రైవేటు రూట్లను ప్రభుత్వం తీసుకోవడానికి 1939 నాటి మోటారు వాహనాల చట్టానికి 1956లో చేసిన సవరణ దారి వేసింది. దాని ప్రకారం ప్రభుత్వ రవాణా సంస్థ ఒక పథకం ప్రకటించాలి, అభ్యంతరాలు వినాలి, ఆపైన ఆమోదించాలి. కృష్ణా జిల్లా రూట్లకు ఈ పద్ధతిలో 1957లో పథకం ప్రకటించారు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది.

బస్సు యజమానులు ఊరుకోలేదు. వారు వేసిన గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి. విన్నవారొకరు, తేల్చినవారొకరు అయితే అది విచారణే కాదంటూ 1958 నవంబరులో కోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. రెండోసారి ముఖ్యమంత్రే స్వయంగా విని నిర్ణయించాడు. 1959లో అదే కోర్టు దాన్ని నిలబెట్టింది. బస్సు రూటు మీద మొదలైన ఆ తగాదా నేటికీ పరిపాలనా న్యాయం చదివే విద్యార్థులకు పాఠంగా ఉంది. రూట్ల జాతీయీకరణ ఆ తర్వాత ఒక్కో జిల్లాకూ విస్తరిస్తూ పోయింది.

డిపోలో లెక్క

ఆర్టీసీలో బస్సుకు ఇల్లు డిపో. బండి పక్కన రాసి ఉండే డిపో పేరే దాని చిరునామా. డిపోకు బస్సులు కేటాయించేది షెడ్యూళ్లను బట్టి. పొద్దున డిపో గేటు దాటిన బస్సు ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు తిరిగి, ఎన్ని కిలోమీటర్లు నడిచి, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పేదే షెడ్యూలు. నైట్ హాల్ట్ షెడ్యూలు అయితే బస్సు చివరి ఊళ్లోనే పడుకుంటుంది. డ్రైవరు, కండక్టరు రాత్రి అక్కడే గడిపి, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుకు బండి తీస్తారు. ఆ బస్సు రద్దయితే కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలతో వెళ్లేవారు, బస్తీ ఆసుపత్రికి బయలుదేరే రోగులు ఒకేసారి ఇబ్బంది పడతారు. పల్లె రూట్ల మీద వచ్చే వినతిపత్రాల్లో ‘నైట్ హాల్ట్ పునరుద్ధరించాలి’ అన్న మాట తరచుగా కనిపించడానికి కారణం అదే.

రూటు ఉంచాలా తీసేయాలా అన్నది రెండు అంకెలు తేలుస్తాయి. ఒకటి ఓఆర్, అంటే సీట్లు నూటికి ఎన్ని నిండుతున్నాయన్న లెక్క. రెండోది ఈపీకే, అంటే కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందన్నది. ఈ రెండూ పడిపోయిన చోట ముందు ట్రిప్పులు తగ్గుతాయి, తర్వాత సర్వీసే పోతుంది. బస్సు వయసు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. దూర ప్రాంతాలకు తిరిగి పాతబడిన సూపర్ లగ్జరీ బస్సుకు సీట్లూ రంగూ మార్చి ఎక్స్‌ప్రెస్‌గానో పల్లెవెలుగుగానో దింపుతారు. పల్లె రూటుకు వచ్చే ‘కొత్త’ బస్సు చాలాసార్లు అలా రెండో బతుకు మొదలుపెట్టినదే.

సంస్థకు సొంత బస్సులతో పాటు అద్దె బస్సులూ ఉన్నాయి. వాటిలో బండీ డ్రైవరూ యజమాని వైపు, కండక్టరూ టికెట్టూ ఆర్టీసీ వైపు. కిలోమీటరుకు ఇంత అని యజమానికి చెల్లిస్తారు.

2014 విభజన

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. రాష్ట్ర పునర్విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులో, అంటే రెండు రాష్ట్రాలకు పంచవలసిన సంస్థల జాబితాలో, ఏపీఎస్ ఆర్టీసీ ఒకటి. సంస్థ ఏడాది పాటు కలిసే నడిచి, 2015 జూన్ 3 నుంచి రెండు పాలనలుగా విడిపోయింది. తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ చట్టబద్ధంగా ఏర్పడింది 2016 ఏప్రిల్ 27న.

నిత్యం తిరిగే బస్సుల పంపకం మిగతా వాటితో పోలిస్తే తేలికగానే సాగింది. డిపో ఏ రాష్ట్రంలో ఉంటే దాని బస్సులు ఆ రాష్ట్రానివి. చిక్కంతా హైదరాబాద్‌లో రాష్ట్రమంతటి డబ్బుతో కట్టిన ఉమ్మడి ఆస్తుల దగ్గర వచ్చింది. బస్ భవన్, తార్నాక ఆసుపత్రి, మియాపూర్ బస్ బాడీ యూనిట్ వంటివాటిలో వాటా ఎవరికెంత అన్న వాదం ఏళ్ల తరబడి సాగింది.

భద్రాచలం ఉదంతం

ఎల్ల మారితే రూటు ఏమవుతుందో భద్రాచలంలో స్పష్టంగా కనిపిస్తుంది. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం, అక్కడి డిపో మాత్రం తెలంగాణలోనే ఉన్నాయి. దాంతో నిన్నటిదాకా జిల్లా లోపల తిరిగిన కూనవరం, చింతూరు బస్సులు ఒక్కసారిగా అంతర్రాష్ట్ర సర్వీసులయ్యాయి. పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లే బస్సు కూడా మధ్యలో కొంతదూరం పక్క రాష్ట్రం మీదుగా పోవలసి వచ్చింది. భద్రాచలం గుడి ఒక రాష్ట్రంలో, దానిని చుట్టుకున్న ఊళ్లు మరో రాష్ట్రంలో ఉండగా, రెండింటినీ రోజూ కలిపేది బస్సే.

2020 ఒప్పందం

ఒక రాష్ట్రపు బస్సు మరో రాష్ట్రంలో తిరగాలంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కావాలి. విడిపోయాక కూడా రెండు ఆర్టీసీలు పాత అలవాటు మీదే బండ్లు నడిపాయి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో అంతా ఆగింది. మే నెలలో ఎవరి రాష్ట్రంలో వారు బస్సులు తీశారు గానీ, ఎల్ల దాటే బస్సు మాత్రం కదల్లేదు. ఆపింది ఒప్పందం లేకపోవడం.

అప్పటిదాకా ఏపీఎస్ ఆర్టీసీ వెయ్యికి పైగా బస్సులతో తెలంగాణలో రోజుకు సుమారు 2.65 లక్షల కిలోమీటర్లు తిరిగేది. తెలంగాణ ఆర్టీసీ సుమారు 750 బస్సులతో ఆంధ్రప్రదేశ్‌లో 1.52 లక్షల కిలోమీటర్లు మాత్రమే నడిపేది. ఎవరు ఎక్కువ తిరిగితే రాబడి వారిదే కనుక కిలోమీటర్లు సమానం కావాలని తెలంగాణ పట్టుబట్టింది.

ఈ తేడాకు మూలం రోడ్డులోనే ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే దారిలో మూడింట రెండు వంతులకు పైగా తెలంగాణలోనే ఉంటుంది. అందుకే ఒక్కో రాష్ట్రం నుంచి ఒక్కో బస్సు వెళ్లి వచ్చినా విజయవాడ బస్సు పొరుగు రాష్ట్రంలో తిరిగే దూరం, హైదరాబాద్ బస్సు తిరిగే దూరం కంటే రెట్టింపు దాటుతుంది. బస్సులు సమానంగా పంచుకుంటే కిలోమీటర్లు సమానం కావు.

చర్చలు నడుస్తుండగానే అక్టోబరులో దసరా వచ్చింది. బస్సులు సరిహద్దు దాకా వచ్చి ఆగేవి. గరికపాడు, పంచలింగాల వంటి చెక్‌పోస్టుల దగ్గర జనం మూటాముల్లెతో దిగి, ఎల్ల దాటి, అవతల మరో బస్సు ఎక్కేవారు.

చివరకు 2020 నవంబరు 2న ఒప్పందం కుదిరింది. తెలంగాణ ఆర్టీసీకి ఆంధ్రప్రదేశ్‌లో 826 బస్సులతో 1,61,258 కిలోమీటర్లు, ఏపీఎస్ ఆర్టీసీకి తెలంగాణలో 638 బస్సులతో 1,60,999 కిలోమీటర్లు దక్కాయి. కిలోమీటర్లు దాదాపు సరిసమానం, బస్సుల్లో మాత్రం 188 తేడా. విజయవాడ రూటులో తెలంగాణకు 273 బస్సులు, ఆంధ్రప్రదేశ్‌కు 192 వచ్చాయి. సమానత్వం కోసం ఆంధ్రప్రదేశ్ లక్ష కిలోమీటర్లకు పైగా వదులుకోగా తెలంగాణకు పెరిగినవి సుమారు 9 వేలే. అంటే వదిలినదంతా అవతలి సంస్థకు చేరలేదు. రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ ప్రయాణమే మొత్తం మీద తగ్గింది.

ఇటీవలి మార్పులు

2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె యాభై రోజులకు పైగా సాగింది. ఆ సమయంలోనే 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. సమ్మె ముగిశాక అది అమలు కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. తెలంగాణ సంస్థ పేరు 2024లో టీజీఎస్ ఆర్టీసీగా మారింది.

మహిళల ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో మొదలైంది. దీంతో రూట్ల లెక్కకు కొత్త ముడి పడింది. సీట్లు నిండినా చేతికి డబ్బు రాదు. ఆ సొమ్ము ప్రభుత్వం నుంచి రావాలి. ఇక తెలంగాణ నుంచి ఎల్ల దాటే ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మహిళకు కండక్టరు సరిహద్దు వరకు జీరో టికెట్ కొడతాడు, అక్కడి నుంచి దిగే ఊరికి డబ్బులు తీసుకుని మరో టికెట్ ఇస్తాడు. ఒకే సీటు, ఒకే ప్రయాణం, రెండు టికెట్లు.