పాలమూరులో యాంత్రిక హృదయ కవాటం: శస్త్రచికిత్స తరువాతి చరిత్ర

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం అనంతపురం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ జిల్లాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. నేటి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న విడివడేవరకు మహబూబ్‌నగర్‌లోని భాగాలే. కరువుకూ వలసకూ ఉదాహరణగా మాత్రమే పేర్కొనబడే పాలమూరు, పేదలకు గుండె శస్త్రచికిత్స అందిన చరిత్రలో ఆ విధంగా మొదటి వరుసలో నిలిచింది.

ఇటువంటి ప్రాంతాలలో కవాట మార్పిడికి ప్రధాన కారణం రుమాటిక్ జ్వరం. బాల్యంలో చికిత్స లేకుండా వదిలేసిన గొంతునొప్పి కొందరిలో ఈ జ్వరానికి దారితీసి, క్రమంగా మైట్రల్ కవాటాన్ని బిరుసుగా మారుస్తుంది. ఇరుకు ఇళ్లు, దూరపు వైద్యం ఉన్నచోట ఇది ఎక్కువ. దెబ్బతిన్న కవాటాన్ని తొలగించి కృత్రిమ కవాటాన్ని అమర్చే పద్ధతి 1960లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆల్బర్ట్ స్టార్, ఇంజనీరు లోవెల్ ఎడ్వర్డ్స్ రూపొందించిన బంతి కవాటంతో స్థిరపడింది. దిగుమతి కవాటం ధర భారతీయ రోగికి అందనిది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వాన మూడు నమూనాలు విఫలమైన తరువాత, నాల్గవది 1990 డిసెంబరు 6న తొలిసారి రోగికి అమర్చబడింది. అదే చిత్ర కవాటం.

శస్త్రచికిత్స తరువాత ఏమవుతుందనే ప్రశ్నకు తరచుగా ఉదహరించే అధ్యయనాలలో ఒకటి అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగింది. 1977-82 మధ్య యాంత్రిక కవాటమో జంతు కణజాల కవాటమో పొందిన 575 మందిని అది పదిహేనేళ్లు పరిశీలించింది. యాంత్రిక కవాటం చెడిపోవడం అరుదు. కాని రక్తస్రావం ఎక్కువ. కణజాల కవాటం కొన్నేళ్లకు పాడై మళ్లీ శస్త్రచికిత్స కోరుతుంది. ఆ 575 మందీ పురుషులే. రుమాటిక్ మైట్రల్ వ్యాధి బారిన పడేవారిలో స్త్రీలే అధికం. వారిలో చాలామంది సంతానవయస్సులో ఉన్నవారు. యాంత్రిక కవాటంపై రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ వేసుకోవాలి. గర్భధారణ తొలి మాసాలలో అది శిశువుకు ప్రమాదకరం. మానితే తల్లికి ప్రమాదం. కనుక ఆ అధ్యయన ఫలితాలను పాలమూరు స్త్రీకి యథాతథంగా వర్తింపజేయడం తగదు.

వార్ఫరిన్ మోతాదును ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష నిర్ణయిస్తుంది. మైట్రల్ స్థానంలోని యాంత్రిక కవాటానికి సాధారణంగా అది 2.5 నుండి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే కవాటం గడ్డతో బిగుసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు, పెరిగితే రక్తస్రావం. విటమిన్ కె అధికంగా ఉన్న ఆకుకూరలు మందు బలాన్ని తగ్గిస్తాయి. కూర మానమని చెప్పడం సులభం. జొన్నరొట్టెతో ఆకుకూర నిత్యాహారమైన ఇంట్లో, మానడంకన్నా రోజూ ఒకే మోతాదులో తినడమే సాధ్యమూ సురక్షితమూ. ముంబయి, పూణె పనులకు వలసవెళ్లే కుటుంబానికి ఆ క్రమం కూడా చెదిరిపోతుంది. పరీక్ష అక్కరలేని కొత్త మందు డాబిగాట్రాన్‌ను యాంత్రిక కవాట రోగులలో పరీక్షించగా, పక్షవాతమూ రక్తస్రావమూ పెరగడంతో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపవలసివచ్చింది. 2013లో దాని ఫలితాలు వెలువడ్డాయి. పాత మాత్ర, పాత పరీక్ష తప్పలేదు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాలకు హైదరాబాదుకన్నా కర్నూలే దగ్గర. 2014 జూన్ 2 నుండి అది పొరుగు రాష్ట్రం. పథకం శస్త్రచికిత్సను ఒక ఘటనగా లెక్కించింది, రోగి మాత్రం దానిని ప్రతినెలా మోస్తాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఐఎన్ఆర్ పరీక్ష, మోతాదు సవరణ అక్కడే జరిగిన నెలలో హైదరాబాదు బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి ఆ ఇంట్లోనే మిగులుతాయి.