ముట్టుకు ముందటి వ్యథ – మందుల చరిత్ర

ముట్టుకు వారం పది దినాల ముందునుంచి కొందరు స్త్రీలకు మనసు మనసులో ఉండదు. కారణం లేని దుఃఖం, పట్టరాని కోపం, నిద్రలేమి. ముట్టు వచ్చిన కొద్ది దినాలకే అంతా సర్దుకొంటుంది. సిద్దిపేటయినా చెన్నపట్నమైనా, ఇంటివారు దీనికి పెట్టే పేరు గయ్యాళితనం. ఇది జబ్బేనని, దీనికి మందు కలదని తేలడానికి సుమారు డెబ్బది ఏండ్లు పట్టినది.

తెలుగు ఇండ్లలో స్త్రీల మందు అనగానే పెద్దలకు జ్ఞాపకం వచ్చేది ‘లోధ్ర’. 1928లో ‘గృహలక్ష్మి’ పత్రికను స్థాపించిన డాక్టర్ కె. ఎన్. కేసరిగారు, మద్రాసులోని తమ కేసరి కుటీరంలో తయారుచేయించిన ఔషధమది. లోధ్ర అనగా లొద్దుగ చెట్టు; దాని పట్టను ఆయుర్వేదం స్త్రీల రక్తస్రావ దోషాలకు వాడుతూ వచ్చినది. ఇటువంటి బాధలను గూర్చి నలుగురిలో నోరెత్తని కాలంలో అచ్చు కాగితం మీద వాటి ప్రస్తావన రావడమే గొప్ప. అయితే అక్కడ దృష్టి ప్రధానంగా గర్భాశయం మీదనే.

మనసు సంగతి ఎత్తినవాడు న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్. 1931లో ఆయన పదిహేనుమంది స్త్రీల బాధలను వర్ణించి, అండాశయపు హార్మోను ఒంట్లో ఎక్కువ కావడమే హేతువన్నాడు. కాల్షియం లవణాలు ఇచ్చినాడు. బాధ మరీ ముదిరినవారికి అండాశయాలపై ఎక్స్‌రే కిరణాలు ప్రసరింపజేసినాడు. సంతానయోగ్యతనే పణంగా పెట్టిన చికిత్స అది! 1953లో ఇంగ్లండులో కాథరినా డాల్టన్, రేమండ్ గ్రీన్ ఈ వ్యాధికి నేటి వైద్యులు వాడే పేరు పెట్టినారు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తక్కువ కావడమే కారణమని డాల్టన్ వాదన. ఆమె స్త్రీల మాట శ్రద్ధగా విన్నది, తారీఖులు గుర్తించమన్నది. అది చిన్న మేలు కాదు. ఆమె నమ్మిన మందు మాత్రం తరువాతి పరీక్షలలో ఉత్తుత్తి మాత్రకంటె మెరుగని తేలలేదు.

ఒకరు ఎక్కువన్నారు, ఒకరు తక్కువన్నారు. 1998లో అమెరికాలో పీటర్ ష్మిట్ బృందం కొందరు స్త్రీల హార్మోనులను మందుతో అణచి, మళ్ళీ ఇచ్చి చూచినది. వ్యాధి గలవారికి బాధ మరలి వచ్చినది. లేనివారికి అవే హార్మోనులు ఇచ్చినా ఏమీ కాలేదు. దోషం హార్మోను పరిమాణంలో లేదు, దానికి మెదడు స్పందించే తీరులో ఉన్నది.

మెదడుపై పనిచేసే మందు అప్పటికే చేతికి వచ్చినది. దిగులు జబ్బుకు వాడే ఫ్లూఆక్సెటిన్‌ను కెనడా వైద్యులు పరీక్షించి 1995లో ఫలితాలు ప్రకటించినారు. దినానికి 20 మిల్లీగ్రాములు 60 అంతగా పనిచేసినవి, దుష్ఫలితాలు తక్కువ. తీవ్రమైన బాధకు దీనిని అమెరికా ప్రభుత్వం 2000లో ఆమోదించినది. దిగులు జబ్బులో వారాలు పట్టే ఈ మందు ఇక్కడ కొద్ది దినాలలోనే గుణమిస్తుంది; అందుచేత ముట్టుకు ముందటి రెండు వారాలు మాత్రమే వాడే పద్ధతీ కలదు. 2006లో డ్రోస్పిరెనోన్ గల గర్భనిరోధక మాత్రకూ ఆమోదం లభించినది. ఇది రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవారికి తగదు. ఏ మందైనా వైద్యుని సలహాతోనే.

సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. పెద్దాసుపత్రికి వెళ్ళేవారు రెండు నెలలపాటు బాధ కలిగిన దినాలను క్యాలెండరు మీద గుర్తించి తీసికొని వెళ్ళాలి. రక్తపరీక్షలో పట్టుబడని ఈ జబ్బుకు ఆ గుర్తులే ఆధారం. ప్రాణం మీద విరక్తి పుట్టినవారు మాత్రం రెండు నెలలు ఆగరాదు, ఆనాడే వెళ్ళాలి.