మరమ్మతు

'మరమ్మతు' ఎక్కడి మాట? అరబీలో పుట్టి, ఫార్సీ, ఉర్దూల మీదుగా మన తెలుగులోకి వచ్చింది. నీదే ఊరని దాన్నెవరూ అడగలేదు. లారీ కమాన్ కట్టల్లోని కమానూ అంతే, ఫార్సీ విల్లు. షెడ్డులో ఈ మాటలకి మతం లేదు, మసి ఉంది.

లారీ చరిత్ర రాసేవాళ్లు జంషెడ్‌పూర్‌తో మొదలుపెడతారు. 1945లో టెల్కో, 1954లో డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం, 1969లో అది ముగిసి బండి ముక్కు మీది నక్షత్రం పోవడం. అంతా నిజమే. కానీ కంపెనీ నుంచి ఎక్కువగా వచ్చింది ఛాసీ. డ్రైవరు క్యాబిను, తలుపులు, తొట్టి ఊళ్లల్లోని షెడ్లే కట్టాయి. చెక్క వడ్రంగిది, రేకు టింకరుది. ఈ సగం చరిత్రకి నక్షా కాగితం లేదు, పేర్లూ లేవు.

1994 వేసవిలో విజయవాడ ఆటోనగర్‌లో మా మామూ షెడ్డుకి నక్షత్రం గుర్తున్న పాత లారీ ఒకటి వచ్చింది. ఎడమవైపు ముందు గుద్దుకుంది. తలుపు పడటం లేదు, బానెట్టు పక్క సందు పైన వేలు పట్టేంత, కింద గోరు కూడా పట్టదు. నేను సుత్తి తీసుకుని తలుపు మీదికి వెళ్లాను.

"పైలే నీచే దేఖ్ రే" అన్నాడు మామూ. ముందు కింద చూడమని.

కింద రెండు పొడుగు దూలాలు, వాటిని కలుపుతూ రివెట్లు కొట్టిన అడ్డ దూలాలు. మామూ దూలాల మీద రెండు పక్కలా ఒకే జతగా ఉండే గుర్తుల నుంచి సాహుల్ వేలాడదీశాడు. అదే, మేస్త్రీల తూకపు గుండు. అది నేలను తాకినచోట సుద్దచుక్క పెట్టాడు. బండి పక్కకి తోసి, చుక్కల మధ్య మూల నుంచి మూలకి దారం లాగాడు. రెండు దారాలూ సమానమైతే ఛాసీ సమం. అవి సమానంగా లేవు. ఎడమ దూలం వెనక్కి జరిగి చట్రం ఏటవాలైంది. అలాంటి బండి రోడ్డు మీద ఎండ్రకాయలా పక్కవాటుగా నడుస్తుంది, టైర్లు తింటుంది.

క్యాబిను బోల్టులు వదులు చేశాడు. గొలుసు, జాకీ, లావుపాటి ఇనప దూలం. లాగడం, ఆగడం, కొలవడం. ఇనుము కొంచెం వెనక్కి పోతుంది గనక సమానం దాటి కొద్దిగా ఎక్కువే లాగాలి. గ్యాసు పెట్టి ఎర్రగా కాలిస్తే పని తొందరగా అయ్యేది, కానీ ఆ ఉక్కు సత్తువ చచ్చిపోతుంది. ఓనరు తొందరపెట్టినా మామూ కాల్చలేదు. నాకప్పుడు అది మొండితనంగా కనిపించింది.

మూడోరోజు దారాలు కలిశాయి. తలుపు సగానికి పైగా దానంతటదే సర్దుకుంది. మిగతాది రేకు పని. లోపల ఇనప దిమ్మ ఆనించి, సొట్టని అంచుల నుంచి నడుమకి కొట్టుకురావడం. సాగినచోట చిన్న చుక్క కాల్చి తడిగుడ్డ అద్దితే రేకు ముడుచుకుంటుంది.

ఓనరు వచ్చి కొత్త రంగు చూసి మురిశాడు. కింద పనికి డబ్బులెందుకు, కనిపించదుగా అన్నాడు. మామూ వాదించలేదు. బిల్లులో టింకరింగు, రంగు అని రెండే పద్దులు పడ్డాయి. గోడ మీద మామూ ఉర్దూలో సుద్దతో రాసుకున్న కొలతలు మాత్రం సున్నం వేసేదాకా ఉన్నాయి.