పట్టభద్రుని ప్రథమోద్యోగము

మా క్వార్టర్లలో మా యింటికి రెండు గుమ్మముల అవతల నున్న మిత్రుని కుమారుడు రెండేండ్ల క్రిందట బి.ఏ. ముగించెను. పెద్ద పరీక్షకు రెండు మారులు కూర్చుండెను. రెండవ మారు నాలుగైదు మార్కులలో తప్పిపోయెను. ఇంతలో వేరొక పరీక్ష ఫలితముగా ఒక లెక్కల కచేరిలో క్రింది తరగతి గుమాస్తా ఉద్యోగమునకు ఉత్తరువు వచ్చినది. చేరుటయా, మానుటయా అని ఆ యింట మూడు వారములు తర్జనభర్జనలు జరిగినవి. తండ్రి నాయొద్దకు వచ్చి, “మీరు వాడికి నాలుగు మాటలు చెప్పండి, నా మాట వినే వయసు దాటింది” అనిరి. ఆ సాయంకాలమే కుర్రవాడు వచ్చి కూర్చుండి, నేను నోరు తెరువకముందే అడిగెను: “బాబాయిగారూ, బి.ఏ. చదివి గుమాస్తాగా చేరితే ఇక జన్మంతా గుమాస్తాయే గదా?”

నాకు వెంటనే సమాధానము తోచలేదు. నేనును గుమాస్తాగా చేరినవాడనే. ఇప్పటికిని నా బల్లమీది ఫైళ్లు తరుగలేదు. కాని నేను కళాశాలలో చదివినది చరిత్ర. పట్టమునకును ప్రభుత్వోద్యోగమునకును ముడి ఎప్పుడు పడినది, ఆ ముడితో మొదట బ్రతుకు మొదలుపెట్టినవారు ఏ పనిలో చేరిరి, ఏమైరి, అని వెదకి చూచితిని. ఆలస్యముగా నైనను ఆ కుర్రవానికి చెప్పిన సమాధానమే ఈ వ్యాసము.

ఆ ముడి పడిన తేదీ చరిత్రలో స్పష్టముగ నున్నది. 1844 వ సంవత్సరము అక్టోబరు 10 వ తేదీన గవర్నరు జనరలు సర్ హెన్రీ హార్డింజి వంగరాష్ట్రమున కొక తీర్మానము వెలువరించెను. క్రొత్త పాఠశాలలలో చదువుకొని అందు మేలుగా తేరినవారికి ప్రభుత్వోద్యోగములలో వీలైన ప్రతిచోటను ముందు అవకాశము నీయవలెనని అందలి సారాంశము. అందులో వేరొక మాట కూడ కలదు. అతి చిన్న కొలువులకైనను చదువను వ్రాయను వచ్చినవానిని, రానివానికంటె ముందుగ తీసికొనవలెనట! నేడు మనకిది వింతగా తోచును గాని, ఆనాటి ఊళ్లలో ఇది పెద్ద మార్పు. అంతకు ఏడేండ్లముందే, 1837 లో, కచేరీలనుండి పారశీక భాషను తొలగించు చట్టము వచ్చియుండెను. తరతరములుగా పారశీకము నేర్చి మున్షీలుగ బ్రతికిన కుటుంబముల విద్య ఒక్క కలముపోటుతో వెలలేనిదయ్యెను. ఆ ఖాళీ స్థలములోనికి ఇంగ్లీషు చదువు నడచి వచ్చినది. మన పెద్దలు షేక్స్పియరు మీది మోహముతో ఇంగ్లీషు బడులకు పరుగెత్తిరనుట పూర్తిగ నిజము కాదు. అబద్ధమును కాదు, మోహము తరువాత కలిగినది. ముందు కలిగినది బియ్యపు చింత.

మన దక్షిణదేశమున విశ్వవిద్యాలయము పట్టము లిచ్చుటకు ముందే చెన్నపట్టణపు హైస్కూలు తన మేటి విద్యార్థులకు యోగ్యతాపత్రము లిచ్చెడిది. అటువంటి పత్రమును 1846 లో పొందినవాడు కుంభకోణపు మహారాష్ట్ర కుటుంబమునకు చెందిన టి. మాధవరావు. చదివిన బడిలోనే కొంతకాలము గణితమును, ప్రకృతిశాస్త్రమును బోధించి, 1849 లో అకౌంటెంటు జనరలు కచేరిలో చిన్న ఉద్యోగమున చేరెను. అవును, లెక్కల కచేరియే! అంకెల బారులు కూడుచు కూర్చుండిన ఆ యువకుడు అట్టే కాలము గడువకయే తిరువాన్కూరు రాజకుమారులకు చదువు చెప్పుటకు పోయెను. అక్కడినుండి ఆ సంస్థానపు కొలువులో మెట్లెక్కి, ముప్పదియేండ్ల ప్రాయముననే దివానయ్యెను. తరువాత ఇందూరు, ఆపైన బరోడా. అప్పులపాలై చిక్కుపడిన సంస్థానముల ఖజానాలను చక్కదిద్దిన దివానుగా ఆయనకు పేరు వచ్చినది. లెక్కల కచేరిలో కూర్చుండిన దినములు వృథా పోలేదని నా నమ్మకము. రుజువు చూపుమనినచో, కట్టలకట్టలు వోచర్లు చూచినవానికే ఖజానాలో కన్నమెక్కడనో తెలియునన్న మా కచేరి అనుభవము తప్ప వేరు లేదు.

1857 లో కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములందు మూడు విశ్వవిద్యాలయములు స్థాపింపబడినవి. ఉత్తరదేశము తిరుగుబాటు మంటలలో నున్న ఏడది. మరుసటి యేడు, 1858 లో, మొదటి బి.ఏ. పరీక్షలు జరిగినవి. కలకత్తాలో కృతార్థులైనవారు ఇద్దరే ఇద్దరు: బంకించంద్ర చట్టోపాధ్యాయుడు, జదునాథ బోసు. నిజమునకు ఆ యిద్దరును కూడ నిబంధనల ప్రకారము నెగ్గలేదు. ఆరు విషయములలో అయిదింట చక్కగ తేరి, ఆరవదానిలో తప్పిరి. తప్పిన దూరము ఏడు మార్కులకు మించలేదు. విశ్వవిద్యాలయపు పెద్దలు ఆలోచించి, ఆ కొరతను మన్నించి, వారిని నెగ్గినవారిగా ప్రకటించిరి. ఈ దేశములో బి.ఏ. పట్టమనునది దయ చూపిన మార్కులతోనే ప్రారంభమైనదని చెప్పిన తప్పులేదు! ఆ సంవత్సరమే ఆగస్టులో బంకించంద్రుడు డిప్యూటీ మేజిస్ట్రేటుగా జెస్సోరులో ప్రవేశించెను. వయస్సు ఇరువది. తండ్రి కూడ డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవాడే గావున, అది ఆ యింటికి కొత్త దారి కాదు.

ఇంతవరకు విజయగాథయే. అటుపై ముప్పదిమూడేండ్ల కొలువును చూడుడు. ఒక ఊరినుండి మరియొక ఊరికి బదిలీలు, ఠాణాలు, దావాలు, విచారణలు. 1881 లో వంగ ప్రభుత్వ సచివాలయములో సహాయ కార్యదర్శిగా నియమింపబడెను. కొద్ది మాసములకే ఆ పదవినే తీసివేసి, ఆ పనిని సివిల్ సర్వీసు తెల్లదొర కప్పగించిరి. బంకిముడు మరల జిల్లాల దారి పట్టెను. సచివాలయములో పనిచేయు మనకు ఈ కథలోని చేదు వివరింప నక్కరలేదు. ఆయన ‘ఆనందమఠము’ పుస్తకరూపమున వెలువడినది 1882 లో. పదవి పోవుటకును, పుస్తకము వచ్చుటకును కార్యకారణ సంబంధము అంటగట్టుట చరిత్రకారునికి తగదు. తేదీలు మాత్రము ప్రక్కప్రక్కన నున్నవి.

చెన్నపట్టణములో 1858 లో బి.ఏ. పొందిన మొదటి ఇద్దరును యాళ్పాణమునుండి సముద్రము దాటి వచ్చినవారే. వారిలో సి. డబ్ల్యు. దామోదరం పిళ్ళెగారి ఉద్యోగచరిత్ర మనవంటివారికి బంకించంద్రుని దానికంటె దగ్గరగా తోచును. ఆయన కొంతకాలము ఉపాధ్యాయుడు. తరువాత ప్రభుత్వపు లెక్కల శాఖలో ఉద్యోగి. చాల యేండ్ల తరువాత న్యాయశాస్త్రము చదివి, పుదుక్కోట సంస్థానమున న్యాయాధిపతి అయ్యెను. పగలు లెక్కలు, తక్కిన వేళలందు చెదలు తినిన తాటియాకులు. ప్రాచీన ద్రావిడ గ్రంథముల ప్రతులు ఊరూర సేకరించి, పాఠములు పోల్చి, అచ్చువేయించెను. సంగ సాహిత్యములోని ‘కలిత్తొగై’ 1887 లో ఆయన పరిష్కరణముతో వెలువడినది. గుమాస్తా చదువని ఇంగ్లీషు విద్యను తేలికచేసి మాటలాడువారిని సభలలో తరచుగ వినుచుందుము. ఆ మాటలో కొంత న్యాయమున్నది. కాని ఒక దేశపు ప్రాచీన వాఙ్మయమును చెదలనుండి కాపాడినవారిలో లెక్కల శాఖవా రొకరు ముందువరుసలో నుండిరను సంగతి కూడ ఆ సభలలో ఎవరైన చెప్పవలెను.

అందరకు తలుపులు తెరచుకొనలేదు. ఇండియన్ సివిల్ సర్వీసు పోటీపరీక్ష 1855 లోనే మొదలైనను అది లండనులో జరిగెడిది. ఓడ ఖర్చు, కులబహిష్కార భయము, వయఃపరిమితి అను మూడు గోడలు దాటవలెను. సత్యేంద్రనాథ ఠాకూరు 1863 లో వాటిని దాటిన మొదటి భారతీయుడు. సురేంద్రనాథ బెనర్జీ 1868 లో బి.ఏ. ముగించి, ఓడయెక్కి, మరుసటి యేడు పరీక్షలో నెగ్గెను. నెగ్గిన పిమ్మట వయస్సు లెక్కలో తగవు వచ్చినది. ఆ తగవు గెలిచి 1871 లో సిల్హెటులో చేరెను; మూడేండ్లకే ఒక దావాలో పొరపాటు చేసినాడని తొలగింపబడెను. బారిష్టరుగ నగుటకును ఒప్పుకొనలేదు. ఇరువదియారేండ్ల వయస్సున ఆయన చేతిలో మిగిలినది పట్టమొక్కటే. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పిలిచి, తన మెట్రోపాలిటన్ కళాశాలలో 1875 లో ఇంగ్లీషు ఉపాధ్యాయుని పని నిచ్చెను. ప్రభుత్వము వయఃపరిమితిని ఇరువదియొకటినుండి పందొమ్మిదికి తగ్గించినపుడు, దానికి వ్యతిరేకముగ 1877 లో ఉత్తరదేశమంతయు తిరిగి సభలు పెట్టినది ఆయనయే. ఆయన జీవితములో మొదటి ఉద్యోగమని దేనిని చెప్పవలెను? సిల్హెటునా, ఆ తరగతిగదినా?

ఇక మన యింటికి వత్తము. విజయనగరమున గురజాడ అప్పారావుగారు 1884 లో ఎఫ్.ఏ. ముగించి, ఇరువదియైదు రూపాయల జీతముపై ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులైరి. 1886 లో బి.ఏ. ఆ సంవత్సరమే డిప్యూటీ కలెక్టరు కచేరిలో హెడ్డు గుమాస్తా. 1887 లో కళాశాలలో అధ్యాపకుడు. తెలుగువారి కాలము నొక మలుపు త్రిప్పిన మనుష్యుడు బి.ఏ. చేతబట్టుకొని మొదట కూర్చుండినది హెడ్డు గుమాస్తా కుర్చీలోనే. అక్కడ ఎక్కువ కాలము నిలువలేదు. ‘కన్యాశుల్కము’ 1892 లో మొదట రంగమెక్కి, 1897 లో అచ్చయినది. అందులో ఇంగ్లీషు చదువు ఖర్చుకు గుండెలు బాదుకొను తండ్రియు, ఆ చదువువలన కొడుకు గొప్ప ఉద్యోగస్థు డగునని ఆశపడు తల్లియు కలరు. ఆ సంభాషణము మన క్వార్టర్లలో నేటికిని ఆగలేదు. ఇంగ్లీషు చదువనుచోట కోచింగు రుసుము అని మార్చుకొనిన చాలును. అప్పారావుగారు పరీక్షలలో వాడుకభాష కోరుచు తమ అసమ్మతి పత్రమును 1914 లో ప్రకటించిరి. ఆయన మెచ్చని భాషలోనే నేనిది వ్రాయుచున్నాను. కచేరి అలవాటు, క్షమింతురు గాక.

నిజాము రాజ్యములోని తెలుగువాని కథ వేరు. అక్కడ 1884 లో రాజభాష పారశీకమునుండి ఉర్దూకు మారినది. మొదటి సాలారుజంగు కాలమునుండి ఉత్తరహిందూస్థానపు విద్యావంతులను రప్పించి పెద్ద కొలువులం దుంచుట అలవాటయ్యెను. స్థానికులకు, అనగా ముల్కీలకు, ఉద్యోగములు దక్కవలెనను తగవు అందుండి పుట్టినదే. 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. దేశభాషలో ఉన్నతవిద్య చెప్పిన గొప్ప ప్రయత్నమది. కాని ఆ దేశభాష ఉర్దూ. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, పై చదువునకు ఇంగ్లీషు: మూడు లిపులు పట్టుబడిన గాని గుమాస్తా కుర్చీ అందెడిది కాదు. మా సంఘములో ఓరుగల్లు, కరీంనగరు ప్రాంతములవారి తాతలు ఉర్దూలో సంతకము చేయుట నెందరో చూచియుందురు.

తరువాతి మెట్లను వేగముగ దాటుదము. సివిల్ సర్వీసు పరీక్ష 1922 నుండి మన దేశములోను జరిగినది. 1926 అక్టోబరు 1 వ తేదీన పబ్లిక్ సర్వీసు కమీషను ఏర్పడినది. చిన్న, మధ్యతరగతి ఉద్యోగములకు వేరొక సంఘము 1975 లో వచ్చి, 1977 నుండి స్టాఫ్ సెలక్షన్ కమీషనను పేర నడచుచున్నది. సివిల్ సర్వీసు పరీక్షను తెలుగులో వ్రాయుటకు 1979 లో వీలు కలిగినది. క్రింది తరగతి పరీక్షలలో కొన్నిటికి ప్రశ్నాపత్రము తెలుగులో వచ్చుట కింకను చాలకాలము పట్టినది. అది 2023 లో. హార్డింజి తీర్మానమునుండి లెక్కించిన నూటడెబ్బదితొమ్మిది యేండ్లు!

ఈ కథలన్నియు ఆ కుర్రవానికి చెప్పితిని. అతడు తెలివిగలవాడు. “వాళ్లంతా గొప్పవాళ్లు, బాబాయిగారూ. పేరు రాని గుమాస్తాల మాటేమిటి?” అనెను. అది సరియైన ప్రశ్న. పుస్తకములకెక్కిన ఒక్కొక్కనికి వెనుక పుస్తకములకెక్కని వేలమంది కలరు. వారిని నేను ఎరుగుదును. నేను చేరిన గదిలోనే ఉండిరి. రెండవ దినమున ఒక నోటు వ్రాసి తీసికొనిపోగా, మా సెక్షను పెద్ద, పంజాబీ వృద్ధుడు, దానిని చదివి, ఎఱ్ఱసిరాతో కొట్టివేయక, ప్రక్కన కుర్చీ వేయించి, పాత ఫైలు తెప్పించి, ముప్పదియేండ్ల క్రింద అదే విషయముపై ఎవరో చేసిన నోటును నాచేత చదివించెను. ఆ వ్రాసినవాని సంతకము పొట్టి అక్షరములే, పేరు తెలియదు. అయినను అతని నాలుగు వాక్యములవలన ఒక వితంతువునకు పింఛను నిలిచినది. నేను ఆ కట్టడిలో నోటు వ్రాయుట నేర్చుకొనుటకు మూడేండ్లు పట్టెను. కళాశాలలో నాకెవ్వరును అది చెప్పలేదు. చెప్పినను బోధపడియుండెడిది కాదు.

చేరుమని గాని, మానుమని గాని నేను చెప్పలేదు. పెద్ద పరీక్షకు ఇంకను వయస్సు మిగిలియున్నదని మాత్రము అంటిని. అతని తల్లి అంతకుముందే పెట్టె సర్దుట మొదలుపెట్టినది. ఉద్యోగము గౌహతిలో. గోంగూర పచ్చడి జాడీ ఎన్ని దినములు నిలుచునను విషయమై మా యింటిదానితో దీర్ఘాలోచన జరిగినది.

రైలు కదలుటకు ముందు అతడు కిటికీలోనుండి వంగి, “ఆ ఏడు మార్కుల సంగతి నిజమేనా, బాబాయిగారూ?” అని అడిగెను. నిజమే నంటిని.