బ్రేకు మొఱ



నేను బహుకాలము తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. శబ్దమునకును అర్థమునకును గల సంబంధమును గురువులకడ చదివితిని. పిల్లలకు చదువు చెప్పితిని. అట్టి నేను నా వాకిట నిలిచిన మోటారుబండి చేసిన ఒక శబ్దమునకు తప్పుటర్థము చెప్పి, ఆఱుగురి ప్రాణములకు ముప్పు తెచ్చువాడనే యైతిని. ఆ తప్పును ఒప్పుకొనుటకును, దాని వెనుక గల 120 ఏండ్లకు పైబడిన చరిత్రను విన్నవించుటకును ఈ ప్రసంగము.

మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ ప్రాంతము. గడచిన కార్తికమాసమున మా అబ్బాయి భార్యాబిడ్డలతో హైదరాబాదునుండి వచ్చెను. మఱునాటి ఉదయమున అందఱము శ్రీశైలయాత్రకు పోవలెనని సంకల్పము. వానిది ఏడుగురు కూర్చుండదగిన ఎత్తైన కారు. దానిని వాకిట నిలుపుచుండగా కుడివైపు వెనుక చక్రమునుండి కిఱ్ఱుమని సన్నని ధ్వని వినవచ్చెను. బ్రేకును మెల్లగా త్రొక్కినప్పుడు ధ్వని, వదలినప్పుడు మౌనము. అదేమని యడిగితిని. "రెండు నెలలనుంచి ఉన్నదే నాన్నా. ఒక మెకానిక్కు దుమ్మేనన్నాడు. ఇంకొకాయన చక్రం సందులనుంచి చూసి ప్యాడ్లు సగం ఉన్నయన్నాడు" అని వాడు తేలికగా చెప్పెను. ప్యాడనగా, చక్రముతో తిరుగు ఇనుప బిళ్లను ఇరుప్రక్కలనుండి ఒత్తిపట్టు రాపిడి పలక. ఆ బిళ్లను డిస్కందురు.

నా బాల్యమున మా యింట ఎడ్లబండి యుండెను. చక్రము కిఱ్ఱుమన్నచో మా తాత చీల తీసి, చక్రమును కొంచెము వెలికి లాగి, ఇరుసునకు కందెన పెట్టెడివాడు. నాడు నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చెలకలలో ఆముదపు పంట మెండుగా నుండెను. కావున కందెనకు మాకు కొఱత లేకుండెను. చక్రము మూల్గినచో నూనె యడుగుచున్నదనుట మా తరమువారికి పుట్టుకతో వచ్చిన జ్ఞానము. నేనును అట్లే తలచి, మనుమని పిలిచి, ఆముదపు సీసా తెమ్మంటిని.

మా ప్రక్కయింట ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పనిచేసి విశ్రాంతి గొన్న పెద్దమనిషి కలడు. ఆయన గోడమీదుగా చూచి, గబగబ వచ్చి నా చేయి పట్టుకొనెను. "అట్ల జేయకుండ్రి సారూ! ఎడ్లబండి ఇరుసుకు కందెన గావాలె. బ్రేకుకు కందెన బెడితే పానం బోతది" అనెను.

ఆ రెండు మాటలలో పెద్ద భేదము కలదు. ఇరుసునకు రాపిడి శత్రువు. బ్రేకునకు రాపిడియే ప్రాణము. మా తాతగారి బండికి బ్రేకే లేదు. దిగుడుదారిలో ఎడ్లే బరువును మెడలపై కాచుకొని వెనుకకు నిలద్రొక్కుకొనెడివి. బండివాడు దిగి నొగను పట్టి యదిమెడివాడు. నడక మందమగుటచే అది చెల్లెను. కావున కిఱ్ఱుధ్వనికి మేమెఱిగిన అర్థము ఒక్కటే. రెండవ యర్థము వేగముతో పుట్టినది. దాని పుట్టుక వినుడు.

ఇంగ్లండు దేశమున హెర్బర్టు ఫ్రూడ్ అను నతడు గుఱ్ఱపుబండ్లను గమనించుచుండెను. ఆ బండ్లకు చక్రముపై ఒత్తుకొను కొయ్యదిమ్మెలు బ్రేకులుగా నుండెడివి. కొండదారులలో దిమ్మె జాఱిపోవుటచే బండివారు పాతబూట్ల తోలును దానికి తొడిగెడివారు. అది చూచి ఆయన, రాపిడికి తగిన పదార్థమును ప్రత్యేకముగా తయారు చేయవలెనని పూని, 1897లో ఫెరోడో యను కంపెనీకి పునాది వేసెను. నేటి ప్యాడునకు మూలపురుషుడు ఆ పాతబూటే యన్నను తప్పులేదు.

1902లో ఫ్రెడరిక్ లాంచెస్టరు అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు డిస్కు బ్రేకునకు హక్కుపత్రము పొందెను. చక్రముతో తిరుగు పలుచని లోహపు బిళ్లను రాగిముక్కలతో ఒత్తిపట్టుట ఆయన పద్ధతి. ఆలోచన గొప్పదే, కాని రెండు చిక్కులు వచ్చెను. మట్టిరోడ్ల దుమ్ముచే రాగి త్వరగా అరిగిపోయెను. లోహము లోహమును రాచుటచే చెవులు చిల్లులు పడు ధ్వని పుట్టెను. 1907లో ఫ్రూడ్ ఆ రాగికి మాఱుగా రాతినారతో చేసిన పలకలను సూచింపగా ఆ రొద యణగెను. రాతినార యనగా ఆస్బెస్టాసు. అది వేడికి తాళును, ధ్వనిని తగ్గించును; కాని దాని ధూళి ఊపిరితిత్తులను చెఱచి మరణమునకు గూడ కారణమగునని కాలక్రమమున తేలెను. అనేక దేశములు దానిని నిషేధించినవి. ఒక బాధను మాన్పిన మందు మఱొక బాధను తెచ్చుట చరిత్రలో క్రొత్తగాదు.

అదే 1902లో ఫ్రాన్సుదేశపు లూయీ రెనో డ్రమ్ము బ్రేకును ప్రచారమునకు తెచ్చెను. డోలువంటి గుండ్రని పాత్ర చక్రముతో తిరుగుచుండ, లోపలనుండి రెండు వంపుముక్కలు విచ్చుకొని దానిని అదిమిపట్టును. దుమ్ము అంతగా చొరదు, ధ్వనియు తక్కువ. కావున సుమారు 50 ఏండ్లు డ్రమ్ముదే రాజ్యము. 1932 జూనులో నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది పనివారితో మన సీమలో ప్రభుత్వ రోడ్డు రవాణాను ప్రారంభించిరి. ఆ బస్సులలో చక్రములను ఆపినవి డ్రమ్ములే. డ్రమ్ము లోపలి అరుగుదలను వెలుపలనుండి కంటితో చూచుట తేలిక గాదు. కావున డ్రైవరు చెవియు ఒక పరీక్షాసాధనము.

అమెరికాలో మాల్కం లాకీడ్ 1917లో ద్రవముతో పనిచేయు బ్రేకునకు హక్కుపత్రము పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గు కారు నాలుగు చక్రములకును అట్టి బ్రేకులతో వెలువడెను. కాలితో త్రొక్కిన ఒత్తిడి గొట్టములలోని ద్రవముద్వారా నాలుగు చక్రములకు పోవును. ద్రవపు బ్రేకుల తొలినాళ్లలో వాడిన ద్రవములలో ఒకటి ఏమనుకొందురు? ఆముదమును మద్యసారముతో కలిపిన మిశ్రమము! భూమినుండి తీసిన నూనెలు రబ్బరు వాషర్లను ఉబ్బించి చెఱచును. ఆముదము అట్లు చేయదు. మన చెలకలలో పండు గింజకు బ్రేకుతో ఇంత సంబంధము కలదని ఎఱిగినప్పుడు నేను నవ్వుకొంటిని. ఐనను ఆముదము పోయినది గొట్టములోనికే గాని పలకమీదికి గాదు. నేటి బ్రేకు ఆయిలు వేఱు రసాయనము. దానిలో నేడు ఆముదమును గాని ఇంజను ఆయిలును గాని పోయరాదు.

డిస్కు బ్రేకు మఱల తలయెత్తుట రెండవ ప్రపంచయుద్ధము తరువాత. 1953లో ఫ్రాన్సున లెమాన్ అనుచోట జరిగిన 24 గంటల పందెములో డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గెలిచెను. 1955లో సిట్రోయెన్ కంపెనీ సామాన్య కుటుంబముల కారుకు ముందుచక్రములందు డిస్కులను అమర్చెను. డిస్కు గాలికి తెఱచియుండుటచే త్వరగా చల్లబడును. క్రమముగా వెనుక చక్రములకును అది వచ్చినది.

ఇచ్చట ఒక వింత జరిగెను. లాంచెస్టరు కాలమున వదిలించుకొనజూచిన కిఱ్ఱుధ్వనిని తరువాతి పనివారు బుద్ధిపూర్వకముగా మఱల తెచ్చి పెట్టిరి! అనేకములైన ప్యాడ్లకు సన్నని ఉక్కునాలుక యొకటి అతికింపబడి యుండును. పలక అరిగి 2, 3 మిల్లీమీటర్లు మిగిలినప్పుడు ఆ నాలుక డిస్కును తాకి కూయును. అనగా, అది చెడిన యంత్రపు మూల్గు గాదు. చెడకముందే హెచ్చరించు పలుకు. దానికి నేను ఆముదము పోసి నోరు మూయింపబోతిని.

మా పొరుగాయన బండిని చదును నేలపై నిలిపి, తక్కిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో లేపి, క్రింద గట్టి దిమ్మె యుంచి, చక్రమును విప్పెను. వెలుపలి ప్యాడు నిజముగా సగమున్నది. సందులనుండి చూచినవాడు అబద్ధమాడలేదు, సగమే చూచెను. లోపలి ప్యాడు గోటిమందముననే మిగిలెను. దాని ఉక్కునాలుక అరిగి మొండిపడెను. డిస్కు లోపలివైపున గీతలు పడెను. కారణమేమి? ప్యాడ్లను పట్టియుండు క్యాలిపరు అటునిటు జరుగుటకు రెండు పిన్నులు కలవు. ఒకదాని రబ్బరుతొడుగు చినిగి, దుమ్ము చేరి, పిన్ను బిగిసిపోయెను. అందుచే భారమంతయు లోపలి ప్యాడుపైననే పడెను. "కందెన ఈడ బెట్టాలె సారూ" అని ఆయన ఆ పిన్నును చూపెను. వేడికి కరగని ప్రత్యేకమైన గ్రీజు ఆ పిన్నునకే. ప్యాడు ముఖమునకుగాని డిస్కునకుగాని చుక్కయు తగులరాదు.

వెనుక చక్రములకే ఇట్లేల యనిన, ముందు చక్రములు లేపిన దుమ్ము, బురద వానిపై బడును. హ్యాండుబ్రేకు తఱచు అచ్చటనే పట్టును. పూర్వము ముందు ప్యాడ్లే ముందుగా అరిగెడివి. ఏలనన, బండి ఆగునప్పుడు బరువు ముందునకు ఒరగును. నేటి బండ్లలో విద్యుత్సాధనములు వెనుక బ్రేకులచేత గూడ పని యెక్కువగా చేయించుటచే, కొన్నిటికి వెనుకవే ముందుగా అరుగుచున్నవి.

ఆయన చెప్పిన ధ్వనిభేదములను మీకొఱకు వ్రాసికొంటిని. వాననాటి మఱుసటి ఉదయమున గరగరలాడి, నాలుగైదు మాఱులు బ్రేకు త్రొక్కగనే పోయినచో అది డిస్కుపై పట్టిన త్రుప్పు, భయము లేదు. త్రొక్కినను త్రొక్కకున్నను చక్రముతో పాటు గీకుచున్నచో డిస్కునకును దాని వెనుక రేకునకును నడుమ గులకఱాయి యిఱుకుకొని యుండవచ్చును. మెల్లగా త్రొక్కినప్పుడు సన్నని కూత వచ్చి దినదినము నిలిచియున్నచో ప్యాడు కొలత చూడవలెను. క్రొత్త ప్యాడు సుమారు 10 మిల్లీమీటర్లుండును. 3 మిల్లీమీటర్లకు, అనగా ఇంచుమించు రెండు రూపాయిబిళ్లల మందమునకు, దిగినచో మార్చవలెను. గరగరమని ఇనుము ఇనుమును కోయు ధ్వని వచ్చినచో బండిని కదల్పనేరాదు. దూరము పోయిన పిమ్మట ఒక చక్రము మాత్రమే మిక్కిలి కాలుచున్నచో అచ్చట బ్రేకు వదలక పట్టుచున్నదని యర్థము. దానిని చేతితో తాకరాదు. దగ్గఱకు పోగనే సెగ తెలియును.

ప్యాడ్లను ఒకవైపు మాత్రమే మార్చరాదు. కుడియెడమలు జతగా మార్చవలెను. డిస్కుపై దాని కనిష్ఠపు మందము చెక్కియుండును. అంతకు తగ్గినచో డిస్కును గూడ మార్చవలెను. మీటతో విద్యుత్తుచే పట్టు హ్యాండుబ్రేకు గల బండ్లలో, దానిని మరమ్మతు స్థితికి తేకుండ పిస్టనును బలవంతముగా నెట్టరాదు. ధూళిని నోటితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను.

ఆ రాత్రి మా కోడలు, "ఒక్క రోజేగదా మామయ్యా, నెమ్మదిగా పోయి వచ్చి చేయించుకుందాం" అనెను. నేను వలదంటిని. మన్ననూరు దాటి నల్లమల యడవిలో దోమలపెంట, ఈగలపెంట మీదుగా పోయినచో రోడ్డు మలుపులు తిరుగుచు కృష్ణానదిపై శ్రీశైలము ఆనకట్ట వైపు దిగును. రెండు టన్నుల బండి 200 మీటర్ల లోతునకు దిగునప్పుడు పుట్టు వేడి, బ్రేకులే దాని నంతయు మోసినచో, 11 లీటర్ల చల్లని నీటిని మరుగుదాక కాచుటకు చాలును. ఆ వేడి గోటిమందపు పలక కెక్కినచో, అది ప్రక్కనున్న బ్రేకు ఆయిలునకు పాకును. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. పాతబడినచో తక్కువ వేడికే మరుగును. మరిగినచో గొట్టములో ఆవిరిబుడగలు పుట్టును. అప్పుడు త్రొక్కిన కాలు అడుగునకు పోవును; బండి మాత్రము ఆగదు. అందుచేతనే దానిని రెండేండ్ల కొకమాఱు మార్చుమందురు.

మఱునాడు మా అబ్బాయి హైదరాబాదునకు బస్సులో పోయి సామాను తెచ్చెను. పొరుగాయన పని ముగించి, తొలి 200, 300 కిలోమీటర్లు అవసరము లేకుండ బ్రేకును బలముగా త్రొక్కవద్దని చెప్పెను. రెండు దినములు ఆలస్యముగా బయలుదేరితిమి. దిగుడులో మా అబ్బాయి క్రింది గేరు వేసి ఇంజనుచేతనే బండిని పట్టించెను. బ్రేకును పట్టుచు, వదలుచు, చల్లాఱనిచ్చెను. ఆనకట్టకడ దిగినప్పుడు నేను మొదట నదిని చూడలేదు. వెనుక చక్రముకడ నిలిచి చెవి యొగ్గితిని. నిశ్శబ్దము.

పెద్దలారా, మన యిండ్లలో బండ్లను పిల్లలు నడుపుచున్నారు. పాటపెట్టె మ్రోగుచుండుటచే వారికి చక్రము మాట వినబడదు. వెనుక కూర్చుండు మనకు వినబడును. వినుట మన పని. కాని మన పాత యర్థమును దానికి అంటగట్టుట మన పని గాదు. మొఱ విన్నచో బండిని ఆపించుడు, చక్రమును విప్పించుడు, లోపలి ప్యాడును చూపుమని అడుగుడు. ఆముదపు సీసాను మాత్రము అటకపైననే యుంచుడు.

స్వస్తి.